మంత్రిగారి కర్వ్ బాల్

రాష్ట్ర మహిళా బేస్‌బాల్ జట్టు ఎంపికలో ఇకపై మనిషి జోక్యం ఉండదని క్రీడల మంత్రి పృథ్వీరాజ్ గారు ఫిలింనగర్ మైదానంలో ప్రకటించారు. సిఫార్సులు రద్దు. ఎవరు ఏ రకం బంతి వేశారో యంత్రమే తేలుస్తుంది. ఇంతటి త్యాగం ఇంతవరకూ ఏ మంత్రీ చేయలేదు.

రహమత్ నగర్ స్ఫూర్తికి ప్రాణం లేచొచ్చింది. సిఫార్సు చేసే దిక్కు లేని పిల్ల. మూడేళ్లుగా కర్వ్ బాల్ ఒక్కటే పట్టుకుని కూర్చుంది: తల ఎత్తున వచ్చి, బ్యాటు దగ్గర మోకాళ్ల కిందికి దిగిపోయే బంతి. జట్టులో ఉన్న ఒక్క ఖాళీ కూడా కర్వ్ వేసేవాళ్లకే.

ఎంపిక రోజున అదే వేసింది. బ్యాటు గాలిని కొట్టింది. తెర మీద ‘స్లైడర్’ అని వేరే రకం బంతి పేరు పడింది.

బంతి పట్టిన వేళ్లు చూపించింది. యంత్రం వేళ్లు చూడదనీ, వేగం, తిరుగుడు, వంపు మాత్రమే చూస్తుందనీ స్పోర్ట్స్ ఆఫీసర్ రఘునందన్ ఓపిగ్గా వివరించారు. ఆమె బంతి జర జోరుగా పోయి పక్క రకంలో పడిందట. నెమ్మదిగా వేస్తే యంత్రం ‘చేంజప్’ అని ఇంకో రకం పేరు చెప్పింది.

"సార్, బంతి ఏసింది నేను. గదేందో నాకు తెల్వదా?"

"నువ్వు చెబితే అది మనిషి జోక్యం అవుతుందమ్మా."

తర్వాత ప్రారంభోత్సవ బంతి మంత్రిగారు వేశారు. అది చెయ్యి జారి పైకి లేచి, సగం దూరంలో నేలకూలింది. తెర మీద ‘కర్వ్’ అని వెలిగింది.

సాయంత్రం జాబితాలో ఆయన పేరు వచ్చింది. మహిళల జట్టు కదా అని ఓ విలేకరి అడిగితే, యంత్రానికి వివక్ష తెలియదన్నారు రఘునందన్.

మ్యాచ్ ముందురోజు రఘునందనే స్ఫూర్తికి ఫోన్ చేశారు. మంత్రిగారికి అసెంబ్లీ ఉంది, ఆయన బదులు ఆమె ఆడాలి. కంప్యూటర్‌లో పేరు మాత్రం మార్చకూడదు, జోక్యం అవుతుంది. స్ఫూర్తి చాలాసేపు బంతిని చేతిలో తిప్పుతూ కూర్చుంది. ఆడకుండా ఉండలేకపోయింది.

మ్యాచ్‌లో అవే వేళ్లు, అదే జోరు. తెర మీద ‘పృథ్వీరాజ్, కర్వ్’. వేసేవాళ్ల పాత రికార్డు కూడా యంత్రం చూస్తుందట. మంత్రిగారు కర్వ్ తప్ప ఇంకోటి వేసిన దాఖలా లేదు.

పదకొండు మంది బ్యాటర్లు గాలిని కొట్టి వెళ్లారు.

మర్నాడు పేపర్లో పదకొండు మందిని అవుట్ చేశారంటూ మంత్రిగారి ఫొటో పెద్దగా వచ్చింది. స్ఫూర్తి తల్లి దేవమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని భక్తిగా చూసింది.

"గీయనేనా బిడ్డా, నీకు నేర్పిన సారు?"