లూర్దమ్మ చేతి బొప్పాయిలు

లూర్దమ్మ పెరట్లో బొప్పాయి చచ్చిపోయిందని రత్నాలు కుళాయి దగ్గర చెప్పిందట. తానైతే నమ్మలేదని, నమ్మకపోయినా చెప్పకపోతే బాగుండదని, అచ్చియమ్మ తెల్లారీ తెల్లారకుండానే కంచె దగ్గరికొచ్చి చెప్పింది. చెబుతూనే మెడ సాచి పెరట్లోకి ఓ చూపు వేసుకుని మరీ వెళ్ళింది.

ఆ పొద్దు లూర్దమ్మ పెట్టుకున్న పని చిన్నదే. పందిరి గుంజకు కట్టిన థర్మామీటరు చూసి అంకె ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఏ మొక్క బతికిందో, ఏది పోయిందో ఫొటోతో సహా రాయాలి. తర్వాత అంబలి కాచుకోవాలి. డుంబ్రిగుడ అవతల గట్టు మీదున్న ఆ ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు రోజూ ఇలాగే రాస్తున్నారు. తోటల ఆఫీసులో పనిచేసే జయశ్రీ ఆ రాతల్ని బట్టి కొండల్ని చలి మండలం, వెచ్చని మండలం అని విడదీసి పటం గీస్తోంది. అంకె ఒక్కటే చాలదు, మొక్క కూడా సాక్ష్యం చెప్పాలి అంటుందామె. చలి మండలంలో పడ్డ ఊళ్ళకు జూన్‌లో బేరి మొక్కలు వస్తాయి. వెచ్చని మండలానికి జీడిమామిడి. జీడిమామిడి ఊళ్ళో ఎవరికీ అక్కర్లేదు. బేరిపళ్ళయితే బొర్రా గుహలు చూడ్డానికొచ్చే జనానికి అమ్ముకోవచ్చు.

థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపించింది. బొప్పాయి ఉడికిన తోటకూరలా వేలాడుతోంది.

"సచ్చిపోనాదని రాసెయ్. ఆ యమ్మ అడిగిందే అందుకు కదేటి," అన్నాడు భర్త ఎలీయేజరు దుప్పట్లోంచే.

అదంత తేలికైన మాట కాదు. లూర్దమ్మది మంచి చెయ్యి. ఊళ్ళో ఎవరింట తొలిమొక్క నాటాలన్నా, ఆనపగింజ పాతాలన్నా ఆమెనే పిలుస్తారు. చర్చికెళ్ళేవాళ్ళూ అమ్మవారికి కోడిని కోసేవాళ్ళూ ఆ ఒక్క విషయంలో ఒకటే మతం. ముప్పై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరది. అలాంటి మనిషి తన పెరట్లో చచ్చిన మొక్కకు తానే ఫొటో తీసి ఊరికి పంచుతుందా?

"ఇయ్యాల సంత కదా, బేగి ఎల్లు. మోకాలెత్తు బొప్పాయి ఒకటి అట్టుకురా. ఎవులికీ సూపించకు," అంది.

తొమ్మిదింటికల్లా కొత్త మొక్క పాతదాని గోతిలో నిలబడింది. 'నాలుగు డిగ్రీలు, బొప్పాయి బతికింది' అని ఫొటో పెట్టి లూర్దమ్మ అంబలి గిన్నె ముందు కూర్చుంది. అబద్ధం చిన్నదే, ఆదివారం ఫాదర్ గారి దగ్గర చెప్పుకుంటే పోతుందనుకుంది.

నిజానికి ముందు రాత్రే ఇరవై రెండిళ్ళ బొప్పాయిలూ పోయాయి. 'పోయింది' అని రాయబోతున్న ఇరవై ఒక్క మందీ లూర్దమ్మ ఫొటో చూసి ఆగిపోయారు. ఆమెది బతికి తమది చచ్చిందంటే తప్పు చలి మీద ఎలా తోస్తారు? మధ్యాహ్నానికి సంతలో బొప్పాయిలు ఖాళీ. మొక్కలమ్మే తాతారావు ఎస్.కోట నుంచి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాడు గానీ, ఇంత చలిలో బొప్పాయికి ఇంత గిరాకీ అంతవరకూ చూడలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే దొడ్డిదారిన, కొంగు చాటున మొక్కతో లూర్దమ్మ దగ్గరికి వచ్చారు. అందరిదీ ఒకటే మాట. పాత బొప్పాయి నిక్షేపంగా ఉందని, ఇది అదనమని, ఆమె చెయ్యి పడితే చాలని. తిరిగి అడగడానికి లూర్దమ్మకు నోరెక్కడిది? పొద్దు వాలేలోగా ఇరవై ఒక్క పెరళ్ళు తిరిగి ఇరవై ఒక్క బొప్పాయిలు నాటింది.

మర్నాడు గ్రూపంతా పచ్చదనం. రత్నాలు అరటిని కూడా కలిపింది. ఎవరో కొబ్బరిచెట్టు ఫొటో పెట్టబోతే, వెనకాల సముద్రం కనిపిస్తోందని ఎలీయేజరు ఆపాడు.

జయశ్రీ ఫోన్ చేసింది. ఉత్సాహంతో ఆగకుండా మాట్లాడేస్తోంది. ఇంత చలికి ఇరవై రెండు బొప్పాయిలు తట్టుకోవడం తానెక్కడా వినలేదట, శనివారం పెద్ద శాస్త్రవేత్తను వెంటబెట్టుకు వస్తుందట. చివర్లో ఇంకో సంగతి కూడా సంబరంగానే చెప్పింది. ఊరిని వెచ్చని మండలంలోకి మారుస్తున్నారు. ఆ బేరి మొక్కలు జి.మాడుగుల వైపు పోతాయి.

ఊరు గొల్లుమంది. నిజం చెప్పెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు. ఎవరి మొక్క చచ్చిందని మొదట చెప్పాలన్న దగ్గర ఆగింది బండి. రత్నాలు చెప్పాలని అచ్చియమ్మ, నాదేటి సచ్చిందని రత్నాలు. శుక్రవారం దాకా తేలలేదు.

శనివారం తెల్లవారేసరికి థర్మామీటరు ఒకటి చూపించింది. గడ్డి మీద ఉప్పు జల్లినట్టు మంచు. జీపు దిగిన జయశ్రీకి ఇరవై రెండు పెరళ్ళలోనూ నల్లగా తలవాల్చిన బొప్పాయిలే కనిపించాయి.

ఇవెప్పుడు నాటారని ఆమె అడిగింది. ఆడవాళ్ళంతా కొండ కేసి చూశారు. ఎలీయేజరు ఉండబట్టలేకపోయాడు.

"నాలుగు రోజులైంది తల్లీ. పాతయ్యి అంతకు ముందు రేతిరే సచ్చిపోనాయి. మా ఆడోళ్ళకి ఒప్పుకోడానికి సిగ్గు."

లూర్దమ్మ తల దించుకుంది. జయశ్రీ వంగి ఓ బొప్పాయి మొదలు తడిమి చూసింది. తర్వాత పుస్తకం తీసి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. అన్నీ ఒకే సంతలో కొన్నవా? ఒకే వయసువా? ఒకే రోజు నాటారా? "ఒకే సెయ్యి కూడా," అని అచ్చియమ్మ అందించింది. రాసేకొద్దీ జయశ్రీ మొహం వెలిగిపోతోంది. రెండు చలి రాత్రులకు నలభై నాలుగు మొక్కలు, ఒక్కటీ మిగల్లేదు, ఇంత పక్కా పరీక్ష మన ఆఫీసు చేయించినా కుదరదని వెంట వచ్చిన పెద్దాయనతో అంది. ఆయన తల ఊపాడు. ఊరు చలి మండలమే. బేరి మొక్కలు జూన్‌లో దిగుతాయి.

పిల్లలు చచ్చిన బొప్పాయిలు పీకి జెండాల్లా ఊపుతూ జీపు చుట్టూ పరుగులు తీశారు. రత్నాలు పెద్దాయనకు చెంబుడు అంబలి పోసి, తాగేదాకా కదలనివ్వలేదు. ఆ గోలలోనే జయశ్రీ లూర్దమ్మ చెయ్యి పట్టుకుని గుంపు మధ్యకు తీసుకొచ్చింది.

"ఇంత పనీ ఈవిడ చేతి మీదుగా జరిగింది. మొదటి బేరి మొక్క లూర్దమ్మగారి చేతే నాటిద్దాం. ఏమంటారు?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అచ్చియమ్మ గొంతు సవరించుకుంది.

"ఒద్దు తల్లీ. అయ్యి బతకాల."