దొర బిళ్ళలు, బావ మోకాళ్ళు

మోకాళ్ళ నొప్పులున్న మానవులారా! ఇక మనుషుల మందులు మానండి. కుక్కల కీళ్ళ బిళ్ళలు మొదలుపెట్టండి. నవ్వకండి, ఆధారంతోనే చెబుతున్నాను. ఆ ఆధారం మా బావ.

బావకి సెలూన్ ఉంది. పొద్దస్తమానం కుర్చీ చుట్టూ తిరిగే పని. అందరినీ కూర్చోబెట్టడమే తప్ప తాను కూర్చునే యోగం లేదు. మోకాళ్ళు మొరాయించాయి. ఆసుపత్రికి వెళ్తే పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రేని చూశారు, కంప్యూటర్‌ని చూశారు, గడియారాన్నీ చూశారు. ఇన్ని చూసిన మహానుభావుడికి మోకాలు కూడా చూసే తీరిక ఎక్కడిది? వయసు మీద పడిందని చెప్పి పంపేశారు.

అదే వారం మా అక్క తన కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. దాని పేరు దొర. దానికీ కీళ్ళ నొప్పులే. ఆయన నేల మీద చతికిలబడి దొర కాళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు. అటూ ఇటూ నడిపించాడు. మెట్లెక్కుతోందా, నిద్రపోతోందా అని ఆరా తీసి, బిళ్ళల డబ్బా ఇచ్చాడు. పక్కన నిలబడ్డ బావకి కళ్ళు చెమర్చాయి. పుడితే దొరై పుట్టాలి!

మర్నాటి నుంచి దొర బిళ్ళలు బావ కూడా మింగసాగాడు. మోతాదంటారా? డబ్బా మీద బరువుని బట్టి పట్టిక ఉంది. అది పెద్ద కుక్కతో ఆగిపోయింది. బావ ఆగలేదు. తాను రెండు పెద్ద కుక్కలకి సమానమని తేల్చి, రెండు కుక్కల వాటా వేసుకున్నాడు. ఇంత శాస్త్రీయ దృక్పథం ఏ కాలేజీలో నేర్పుతారు? గుండె కోసం తాను రోజూ వేసుకునే, రక్తాన్ని పల్చబరిచే మాత్ర గురించి ఆ పట్టికలో ఒక్క ముక్కా లేదు. పాపం, కుక్కల డబ్బా కదా!

కొన్నాళ్ళకి చిగుళ్ళ నుంచి రక్తం మొదలైంది. ఈలోగా బావతో కలిసి మరో డబ్బా కోసం వెళ్తే, పాతది అంత తొందరగా ఎందుకు అయిపోయిందని పశువుల డాక్టరు అక్కని నిలదీశాడు. దొరకి ఎక్కువ పెడుతోందేమోనని ఆయన బెంగ. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ బావ చివరికి ఒప్పుకున్నాడు.

"మీరు ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ఆయన అడిగాడు. బావ చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇవి మనుషుల కోసం చేసినవి కావండీ. ఆ మాత్రతో కలిస్తే రక్తం ఆగకపోవచ్చు. ముందు ఆసుపత్రికి వెళ్ళండి."

అక్క బావని అటునుంచి అటే తీసుకెళ్ళింది. రక్తం ఆగింది, ప్రాణం గట్టెక్కింది. బుద్ధున్నవాడెవడైనా కుక్క మందు తింటాడా అని పెద్ద డాక్టరుగారు కంప్యూటర్ వైపు చూస్తూనే చీవాట్లు పెట్టారు.

"దాని కాలు పట్టుకుని చూసి ఇచ్చారండీ," అన్నాడు బావ. "నా కాలు ఎవరూ ముట్టుకోలేదు. చూసి ఇచ్చిన మందే నయమనిపించింది. నొప్పి ఇంకా అలాగే ఉందండీ."

డాక్టరుగారు తల ఎత్తలేదు.

"ఇవాళ మీరొచ్చింది చిగుళ్ళకి. మోకాలికి వేరే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి."