గడియారం నెత్తిన పువ్వు

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ పెద్దల్లుడు తన వారం రోజుల సెలవుకి ప్రణాళిక వేసుకున్నాడు. ముందు పెరటి గదిలో పడివున్న పాత సామానుతో నగిషీలు కోసే రంపం మిషనొకటి తయారు చెయ్యాలి. తరవాత ఆ రంపంతో అత్తగారి గోడగడియారం నెత్తిన ఉండాల్సిన చెక్క పువ్వు కొయ్యాలి. మిగతా రోజులన్నీ విశ్రాంతి తీసుకోవాలి.

ఆ గడియారం మామగారిది. ఆయన పోయాక గోడ మీంచి దించేటప్పుడు పైనున్న పువ్వు విరిగి పొడి పొడి అయింది. అప్పట్నుంచీ అది గుడ్డ చుట్టుకుని బీరువా మీదే ఉంది. ఇన్నాళ్ళకి దాన్ని ఎవరో ఒక కూతురికి ఇచ్చేద్దామని అత్తగారికి బుద్ధి పుట్టింది. షాపులో ఇచ్చి బాగు చేయిస్తానని చిన్నల్లుడు వెంటనే ముందుకొచ్చాడు. పెద్దల్లుడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. "షాపెందుకండీ, నేను లేనూ?" అన్నాడు.

అత్తగారు కాసేపు అతని చేతులకేసి చూసింది. "సరే, ఆదివారం వచ్చి చూస్తాను. బాగుంటే మీరే ఉంచుకోండి. లేదంటే చిన్నల్లుడు తీసుకెళ్ళి చేయించుకుని వాళ్ళింట్లో పెట్టుకుంటాడు" అని తేల్చేసి, గడియారం అతని చేతిలో పెట్టింది.

ఈ ఒప్పందం భార్యకి నచ్చలేదు. "అది నాన్న గడియారం. రోజూ పొద్దున్నే ఆయన కుర్చీ ఎక్కి కీ ఇస్తుంటే కింద నేను కుర్చీ పట్టుకునేదాన్ని. అది చెల్లెలింటికి పోయిందంటే నేను తట్టుకోలేను" అంది. అక్కడితో ఆగక, "ఇంకో మాట. మీ మిషను కోసం ఇంట్లో వస్తువు ఒక్కటి ముట్టుకున్నా ఊరుకోను" అని కూడా అంది.

"అంతా స్క్రాపే" అన్నాడతను. అన్నప్పుడు అది నిజమే.

విరిగిన మంచం పట్టెలు రెండూ మొసలి నోరులా ఒకదానిమీదొకటి నిలబడ్డాయి. పాత తలుపు బందులు వాటికి కీళ్ళయ్యాయి. ముందువైపు రెండు పట్టెల మధ్యా వెంట్రుకంత సన్నటి రంపపు బ్లేడు నిలువుగా బిగిసింది. వెనకాల గేటు స్ప్రింగు దాన్ని లాగి పట్టుకుంది. మోటారు తిరిగితే పట్టెలు ఊగాలి, పట్టెలు ఊగితే బ్లేడు కిందికీ మీదికీ ఆడాలి. మోటారొక్కటే లేదు. హాల్లో ఒక మూల నీలం రంగు స్టాండు ఫ్యాను ఊరికే నిలబడి ఉంది. చలికాలంలో ఎవరూ వాడని వస్తువు స్క్రాపు కిందే లెక్క అని అతను తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

"ఫ్యానేదండీ?" అంది భార్య సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి.

"చప్పుడొస్తోందని మెకానిక్‌కిచ్చాను."

వీధి చివర కొట్లో ఉండే మెకానిక్ ఫ్యాన్లూ, మిక్సీలూ, గడియారాలూ, ఏదిచ్చినా పుచ్చుకుంటాడు. ఎవరిది ఏదో గుర్తు పెట్టుకోడు. గుర్తులేదని చెప్పే అలవాటు కూడా లేదు. తిరిగి తిరిగి విసిగిపోయి కొత్తవి కొనుక్కున్నవాళ్ళ సామాను అతని కొట్లో పైకప్పు దాకా పేరుకుపోయింది. భార్య మర్నాడు అటే వస్తూ కొట్టు దగ్గర ఆగింది.

"కాయిల్ కాలిపోయిందట. రేపు రమ్మన్నాడు" అంది ఇంటికొచ్చి.

తానివ్వని ఫ్యాను కాలిపోయిందని విని పెద్దల్లుడు కాస్త బాధపడ్డాడు కూడా.

అయితే ఫ్యాను మోటారు బలం చాలలేదు. చెక్క తగలగానే బ్లేడు సిగ్గుపడి ఆగిపోయేది. దాంతో మిక్సీ మోటారు వచ్చింది. దానికి బలం మరీ ఎక్కువైంది. మిషను మొత్తం గెంతుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది, బ్లేడు విరిగి తలుపులో దిగబడింది. వేగం తగ్గించడానికి హాల్లో సీలింగ్ ఫ్యాను రెగ్యులేటరు ఊడదీయక తప్పలేదు. "మిక్సీ?" అంటే "మెకానిక్ దగ్గర", "గోడకి ఆ కంతేమిటి?" అంటే "మెకానిక్ పట్టుకెళ్ళాడు". నోరు దానికి అలవాటు పడిపోయింది.

శుక్రవారం భార్య ఒళ్ళుమండి కొట్టు మీదికి వెళ్ళింది. గంటలో ఆటోలో ఫ్యానూ మిక్సీ దింపించింది. పెద్దల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి.

"నీలం ఫ్యాను ఆకుపచ్చగా ఉందేమిటయ్యా అంటే, రంగు కూడా వేశామమ్మా అన్నాడు. మిక్సీకి మూడు జార్లే ఉండేవి, నాలుగిచ్చాడు. మీరూరికే తిడతారు గానీ మనిషి మంచివాడండీ."

"నేనెప్పుడూ తిట్టలేదు" అన్నాడు పెద్దల్లుడు మనస్ఫూర్తిగా.

శనివారం ఆవిడ గడియారం అడిగింది. అది పెరటి గదిలో, మిక్సీ మోటారు పక్కనే, కొలతల కోసం వెల్లకిలా పడుకుని ఉంది. "మెకానిక్ దగ్గర" అనేశాడు. అని నాలుక కరుచుకుని, "పువ్వు నేనే చేస్తున్నాను. లోపల నూనె వెయ్యడానికిచ్చాను" అని సర్దాడు. ఆవిడ ఫోనులో ఆ మాటే తల్లికి చెప్పింది.

ఆదివారం పొద్దుటికి పువ్వు తయారైంది. కాగితం మీద గీసినప్పుడు అది విచ్చుకున్న పువ్వు, చుట్టూ ఆకులు. బ్లేడు తనకి తోచిన దారిన పోవడంతో ఆకులు పువ్వులో కలిసిపోయాయి. అయినా తన చేత్తో చేసిన రంపంతో, తన చేత్తో కోసిన పువ్వు. బంక పెట్టి అతికించి, కీ ఇచ్చి, గడియారాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హాల్లోకి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే చిన్నల్లుడి కారు ఆగింది. అత్తగారు దిగింది. వెనకాల చిన్నల్లుడు దిగాడు, చేతిలో గడియారంతో.

"దారిలోనే కదా అని మెకానిక్ దగ్గర ఆగి మేమే తెచ్చేశాం" అంది అత్తగారు. ఆ కాలం గడియారాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇది మాత్రం నిగనిగలాడుతోంది. "పాలిష్ కూడా చేశాడట. పువ్వు చూడవే అమ్మాయ్, అచ్చం మీ నాన్నున్నప్పటిలాగే! ఇది మీరే చేశారా అల్లుడుగారూ?"

"అబ్బే, అన్నయ్యగారెక్కడ చేశారండీ. అంతా మెకానికే చేశానన్నాడు. డబ్బులు నేనిచ్చాను" అన్నాడు చిన్నల్లుడు.

అత్తగారి చూపు పెద్దల్లుడి చేతుల్లోకి మళ్ళింది. "మరి అదెవరిదీ? పాపం, గడియారం నెత్తిన క్యాలీఫ్లవర్ పెట్టారు. ఇది గానీ మనదైతే, ఈ క్షణంలో చిన్నల్లుడి కారెక్కించేసేదాన్ని."

పెద్దల్లుడి మొహం ఎర్రబడింది. గడియారం పోతే పోయింది, క్యాలీఫ్లవర్ అంటే మాత్రం పడేది లేదనుకుని నోరు తెరిచాడు. భార్య ఆ పువ్వుకేసి చూసింది. అలాంటి పువ్వు కొయ్యగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడని ఆవిడకి తెలుసు. వెంటనే భర్త కాలు గట్టిగా తొక్కింది.

"పక్కింటివాళ్ళదమ్మా. ఈయన్ని కాస్త చూసిపెట్టమన్నారు" అంది.

"తిరిగిచ్చెయ్యండి బాబూ. మీరు చేశారనుకుంటే పరువు పోతుంది" అంది అత్తగారు.

"మాట మాటేగా అన్నయ్యగారూ. బాగు చేయించింది నేను" అని నవ్వుతూ చిన్నల్లుడు తన గడియారాన్నీ, అత్తగారినీ మళ్ళీ కారెక్కించాడు. పెద్దల్లుడు మళ్ళీ నోరు తెరవబోయాడు. తొక్కిన కాలు ఇంకా తియ్యలేదావిడ.

కారు వీధి మలుపు తిరిగాక భార్య కుర్చీ తెచ్చి, ఎక్కి, తండ్రి గడియారాన్ని తనే గోడకి తగిలించింది. దాని చప్పుడు వింటూ కాసేపు అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుంది. కింద కుర్చీ పట్టుకున్న పెద్దల్లుడికి సంతోషమే, కానీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుతూనే ఉంది.

"పువ్వు మరీ అంత బాగాలేదా?" అన్నాడు.

"ఇంకొంచెం బాగుంటే గడియారం పోయేదండీ" అంది ఆవిడ.