కార్యదర్శిగారి ట్రయల్స్ బండి

పాత మోటారు సైకిలు కొనేవాడు రసికుడు, నడిపేవాడు సాహసి, ఏళ్ళ తరబడి దాన్ని బాగుచేస్తూ కూర్చునేవాడే మహర్షి! ఇది సూపరింటెండెంటుగారి సిద్ధాంతం. ఆఫీసులో ఎవరు ఫైలు పట్టుకెళ్ళినా ముందు ఈ సిద్ధాంతం వినాలి, ఆ తర్వాతే సంతకం.

ఆయన దగ్గరున్నది ఆషామాషీ బండి కాదు, ముప్పై ఏళ్ళనాటి ట్రయల్స్ బండి. బండరాళ్ళ మీదికీ దుంగల మీదికీ ఎక్కించడానికే పుట్టింది. దానికి సీటు ఉన్నా లేనట్టే, నిలబడే నడపాలి. కాలు నేలకు తగిలిందా, పరువు పోయినట్టే! పెళ్ళైన కొత్తలో ఆయన భార్యకు ఒక కథ చెప్పారు. కుర్రతనంలో ఇలాంటి బండి మీద కాలు దించకుండా ఒక గుట్ట ఎక్కేశారట. నిజానికి ఆ గుట్టను ఆయన బస్సు కిటికీలోంచి చూశారు, అంతే.

అందుకే మూడేళ్ళుగా బండి రిపేరులో ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే వరండాలో పాత పేపర్లు పరిచి కార్బురేటరు విప్పుతారు, తుడుస్తారు, నిట్టూరుస్తారు, మళ్ళీ బిగిస్తారు. "ఒరిజినల్ పార్టు రావాలి" అంటారు. ఏ పార్టు అని అడిగినవాడు ఆయన చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తడు.

ఒక శనివారం బావమరిది ఊడిపడ్డాడు. పంపుసెట్లు బాగుచేసే షాపు అతనిది.

"ఏంటి బావా, ఇంకా దీన్నే పట్టుకుని వేళ్ళాడుతున్నావా?" అంటూ పెట్రోలు గొట్టం పీకి, నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊదాడు. అవతలి కొసనుంచి సాలెగూడు రాలిపడింది. గొట్టం తగిలించి కిక్కు కొట్టాడు. బండి వీధంతా దద్దరిల్లేలా స్టార్టయింది!

సూపరింటెండెంటుగారి గుండె గుభేలుమంది.

"ఏవండీ! మూడేళ్ళ తపస్సు ఫలించింది!" అని భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "రేపు మీ బండ్ల సంఘం మీటింగుకి నేనూ వస్తాను. ఆ గుట్ట ఎక్కినట్టే ఎక్కి చూపించాలి మరి!"

"దానికేం భాగ్యం!" అన్నారాయన, నీరసంగా. బండి మీంచి పడితే కట్టు కట్టించుకోవచ్చు. కట్టుకున్నదాని దగ్గర పరువు పోతే ఏ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? ఆ ఆలోచనతో ఆయనకు అన్నం సహించలేదు.

పాత ట్రయల్స్ బండ్ల సంఘంలో పన్నెండుమంది సభ్యులు. ఆయనే కార్యదర్శి. సభ్యులు మోకాళ్ళదాకా బూట్లు, చేతులకు గ్లవ్జులు, నెత్తిన హెల్మెట్లతో ఊరిచివర రాళ్ళమైదానానికి వస్తారు. బండ్లు వ్యానుల్లో వస్తాయి. ఒక్కొక్కరే లేచి, తమ బండి ఈ వారం ఎందుకు కదలదో సవినయంగా విన్నవించుకుంటారు. కార్యదర్శి మినిట్సు రాస్తారు. టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. ఎంత క్రమశిక్షణ గల సంఘమండీ!

ఆ ఆదివారమూ క్లచ్చి ప్లేట్లు, గేరు పళ్ళు వరసగా విన్నపాలయ్యాయి. చివరికి కార్యదర్శిగారి వంతు వచ్చింది.

"నా బండి... స్టార్టవుతోందండి."

ఎవరిదో టీ గ్లాసు జారి పడింది. రిటైర్డు ఇంజనీరైన అధ్యక్షులవారు లేచి బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఏం చేయించారు?"

"గొట్టంలో సాలెగూడుంటే మా బావమరిది ఊదేశాడండి."

"ఆ గూడు బండితోపాటు వచ్చిందేనా?"

"అవునండి."

"అంటే ఒరిజినల్ గూడు పోయింది! ఈ బండి నడపడానికి అనర్హం!" అని అధ్యక్షులవారు ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. కార్యదర్శిగారు బతుకు జీవుడా అనుకున్నారు.

వ్యాను తోలుకొచ్చిన బావమరిది ఊరుకుంటేనా! "పోనీలెండి, మిగతావి ఒరిజినలే కదా, చూద్దాం" అంటూ బండ్ల మీద పడ్డాడు. ఒకదానికి పెట్రోలు కుళాయి తిప్పాడు. ఇంకోదానికి ప్లగ్గు తుడిచాడు. మూడోదానికి ఏమీ చేయలేదు, కిక్కు కొడితే అదే లేచింది! అరగంటలో పన్నెండు బండ్లూ ఒక్కసారిగా మైదానాన్ని మోతెక్కించాయి.

"ఎక్కండి సార్లూ!" అన్నాడు సంబరంగా.

"పెద్దవారు, ముందు మీరు" అన్నారు సభ్యులు.

"అబ్బే, యువకులకు అవకాశమివ్వాలి" అన్నారు అధ్యక్షులవారు, అరవై దాటిన కోశాధికారిని ముందుకు తోస్తూ. ఆయన బూటు లేసు కట్టుకోవడానికి వంగి ఇక లేవలేదు.

కార్యదర్శిగారి భార్య ఆయన చెవి దగ్గరికి వచ్చింది. "మీకు రాదని నాకెప్పుడో తెలుసండీ. సంఘం మొత్తానికే రాదని మాత్రం అనుకోలేదు!"

సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ బాధ్యత బాధ్యతే కదా! బండ్లన్నీ ఆపించి, అత్యవసర సమావేశం జరిపి, ఏకగ్రీవ తీర్మానాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు:

"సంఘ క్షేమం దృష్ట్యా, ఇకమీదట సభ్యుల బావమరుదులకు మైదానంలో ప్రవేశం నిషిద్ధం."

మొదటి సంతకం ఆయనే పెట్టారు.