తొమ్మిది గంటల పది నిమిషాలే!

సంచి అడుగున స్వెటర్ పెట్టాలి. దాని మీద అక్కకి మోకాళ్ల నూనె సీసా, మూత గట్టిగా బిగించి, పాత తువ్వాలులో చుట్టి పెట్టాలి. జిప్పు లాగాలి. అప్పుడు ఫోన్ తీసి, రెండు ఊళ్ల ఎయిర్‌పోర్టుల మధ్య ఎంత దూరమో చూడాలి. చూశాక సంచి విప్పేసి, సామానంతా మళ్ళీ బీరువాలో పెట్టుకోవాలి.

ప్రయాణం చేసే పద్ధతి ఇదే. పన్నెండుసార్లు చేసినదాన్ని, నా మాట నమ్మండి!

దూరాలు చెప్పే వెబ్‌సైట్లు దండగని కొందరంటారు. ఎంత అన్యాయం! నేనుండే ఊరికీ మా అక్క ఊరికీ మధ్య ఆరు వేల తొమ్మిది వందల నలభై కిలోమీటర్లు. ఆ అంకె చూస్తే గుండె జారిపోతుంది. కానీ దాని కిందే మందు కూడా రాసి ఉంటుంది: ప్రయాణ సమయం తొమ్మిది గంటల పది నిమిషాలు. అంతే! మా బిల్డింగ్‌లో లిఫ్ట్ ఆగిపోతే మెకానిక్ రావడానికి నాలుగు రోజులు పడుతుంది. చెప్పులు విప్పించే లైనునీ, పక్క సీటాయన మోచేతినీ సైటు లెక్కలో కలపదు. పెద్దమనసు!

పూర్వం ఓడల్లో మూడు వారాలు పట్టేదట. పాపం, వాళ్ళకి వేరే దారి లేదు, నిజంగానే వెళ్ళాల్సి వచ్చేది! మనకా అవస్థ తప్పింది. ఎప్పుడైనా వెళ్ళగలిగే చోటికి ఇప్పుడే ఎందుకు వెళ్ళాలి? మా కింది వాటాలో టైలర్‌కి వీధి చివర్లోనే సొంత మేనత్త ఉంది. నడిస్తే రెండు నిమిషాలు. ఆవిణ్ణి చూసి ఆరేళ్లయిందట!

మా అక్కకి మాత్రం ఈ సైన్సు ఎక్కదు.

"ఎప్పుడొస్తావే?" అనేది ఫోన్లో.

"ఎంతలే అక్కా, తొమ్మిది గంటల పది నిమిషాలే!"

"అయితే టీకి నీళ్లు పెట్టనా? పోయినసారి పెట్టినవి ఇగిరిపోయాయే తల్లీ!"

వెటకారం!

సైటులో చిన్న లోపం ఒకటుంది. అది ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకే కొలుస్తుంది. అక్క గుమ్మం నుంచి టాక్సీ దాకా కొలవదు. అది పదిహేను అడుగులు. నేను వచ్చేసిన రోజు అక్క ఆ గుమ్మంలో నిలబడింది. చెయ్యి ఊపలేదు. "జిప్పు సరిగ్గా పడిందా?" అని మాత్రం అడిగింది. ఆ పదిహేను అడుగులకి నాకెంతసేపు పట్టిందో ఏ సైటులోనూ లేదు. అక్కని చూడ్డానికి వెళ్తే మళ్ళీ అవే అడుగులు నడిచి రావాలి కదా? అందుకే సంచి విప్పేదాన్ని.

పోయిన నెల మూడో తేదీ పొద్దున అక్క ఇంటి పక్కావిడ ఫోన్ చేసింది.

"అక్కయ్యగారు పోయారండీ. మీరు రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతలేమ్మా, తొమ్మిది గంటల పది నిమిషాలే" అన్నాను. అలవాటు!

పన్నెండోసారి సంచి సర్దింది అప్పుడే. నూనె సీసా పెట్టలేదు. ఫోన్ తీసి చూశాను. దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. సంచి విప్పేశాను.

పంతొమ్మిదేళ్ల కిందట, జూన్ ఆరో తేదీ మంగళవారం పొద్దున, అక్క గుమ్మం దిగి వెళ్ళిన చెల్లెలు తిరిగి రాలేదు.