ఖైదీకి కుర్చీ వేయరాదు

గడిచిన మహాయుద్ధంలో నేను చూపిన పరాక్రమం గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే నేనే పోయేలా ఉన్నాను గనక సభాముఖంగా ప్రకటిస్తున్నాను. కెప్టెన్ వెండెల్ స్ట్రదర్స్ అనే నేను, నెబ్రాస్కా రాష్ట్రంలోని హార్లన్ బెండ్ అనే ఊళ్ళో జర్మన్ యుద్ధఖైదీల శిబిరానికి అధిపతిగా ఉండి, ఒక్క తూటా పేల్చకుండా, రెండు సార్లు బెల్టు మార్చుకుని, యుద్ధాన్ని విజయవంతంగా ముగించాను.

అంతకు ముందు నాది మంచాలూ శవపేటికలూ అమ్మే కొట్టు. మా వైపు ఊళ్ళలో ఈ రెండూ ఒకే చోట దొరుకుతాయి. అరికాళ్ళు చదునుగా ఉన్నాయనీ, వయసు మీరిందనీ సైన్యం నన్ను యుద్ధభూమికి పంపలేదు. అయితేనేం, నాలుగు వందల మంది శత్రువులను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ సేనానికీ ఇంతమంది శత్రువులు ఇంత దగ్గరగా దొరికి ఉండరని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆవిడ అంతా విని, వెళ్ళి పొయ్యిలో బొగ్గు వేసి రమ్మనేది.

శిబిరం ఎందుకు పెట్టారంటే, మా కుర్రాళ్ళంతా జర్మన్లతో పోరాడటానికి సముద్రం దాటి వెళ్ళిపోయారు. పొలాల్లో చక్కెరదుంప పీకే దిక్కు లేకుండా పోయింది. అప్పుడు ప్రభుత్వం బ్రహ్మాండమైన ఏర్పాటు చేసింది. మావాళ్ళు అక్కడ పట్టుకున్న జర్మన్లను ఓడలెక్కించి తెచ్చి, మావాళ్ళు ఇక్కడ వదిలేసిపోయిన పొలాల్లో దింపింది. ఈ మార్పిడేదో ముందే కూర్చుని మాట్లాడుకుంటే తుపాకుల ఖర్చు మిగిలేది కదా అని ఒకసారి అనిపించింది. కెప్టెన్ హోదాలో ఉన్నవాడికి అలాంటివి అనిపించకూడదు గనక వెంటనే మానుకున్నాను.

చక్కెరదుంప పనికి మూరెడు కత్తి కావాలి. దాని కొసన కొక్కెం ఉంటుంది. కొక్కెంతో దుంపను పైకి లాగి, కత్తితో ఆకు నరకాలి. కాబట్టి ప్రతి ఉదయం శత్రువుకొక కత్తి చొప్పున మేమే చేతికిచ్చి పంపేవాళ్ళం. వాళ్ళను అదుపులో ఉంచడానికి వెంట ఒక సిపాయి తుపాకీ పట్టుకుని వెళ్ళేవాడు. తూటాలు ఇస్తే ఎవరికైనా తగులుతాయేమోనని ఇవ్వలేదు. అతను దుంపల బండి నీడన కునుకు తీసేవాడు. ఖైదీ ఒక్కడు పారిపోతే ఒట్టు. ఎటు చూసినా దుంప పొలాలే, ఎక్కడికని పోతారు? పైగా మధ్యాహ్నం భోజనానికి ఆపిల్ కేకు ఉండేది.

అసలు చిక్కు ఆ భోజనంతోనే వచ్చింది. మా శిబిరపు నియమావళిలో ఇలా ఉంది: “యుద్ధఖైదీలను గృహములోనికి ఆహ్వానింపరాదు. భోజనపు బల్ల వద్ద వారికి కుర్చీ వేయరాదు. ఖైదీలు శిబిరము నుండి తెచ్చుకొన్న రొట్టెను ఆరుబయటనే భుజింపవలెను.” దీన్ని నేను స్వయంగా అచ్చు వేయించి, ప్రతి రైతు వంటింటి గోడకూ అంటింపజేశాను. ఆడవాళ్ళు దాన్ని మెచ్చుకున్నారు. గోడమీది నూనె మరక కనబడకుండా పోయిందన్నారు.

మా లోయలో కోతల కాలంలో పనికి వచ్చినవాళ్ళు ఆ ఇంటి బల్ల దగ్గరే తింటారు. పనివాణ్ణి ఎండురొట్టెతో బయట కూర్చోబెట్టిన ఇల్లాలికి చర్చిలో తల ఎత్తుకునే వీలుండదు. ఆ ఇంటి పిల్లకు సంబంధాలు కూడా ఆలోచించుకుని వస్తాయి. ఇలాంటి ఆడవాళ్ళకీ నా నియమావళికీ పోటీ పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి వారంలోనే ఖైదీలకు ఏ ఇంట్లో ఏ కుర్చీ ఎవరిదో ఖాయమైపోయింది.

అందరిలోకీ ముందున్నది అమేలియా రైసిగ్ గారు. భర్త పోయాడు, కొడుకులిద్దరూ పసిఫిక్‌లో యుద్ధం చేస్తున్నారు, పొలం బ్యాంకు తాకట్టులో ఉంది. ఆవిడ తాతలు జర్మనీ నుంచి వచ్చినవాళ్ళే. మొదటి మహాయుద్ధంలో ఆవిడ వీధిలో ఆ భాష మాట్లాడిందని మా ఊరి దేశభక్త సంఘం ఇంటికి వెళ్ళి హెచ్చరించి వచ్చింది. ఈ యుద్ధంలో ఆవిడ అదే భాషలో తిట్టకపోతే ఖైదీలు చేతులు కడుక్కోరు. దేశభక్త సంఘం ఇప్పుడు ఆవిడకు కృతజ్ఞతలు తెలియజేసింది.

ఇక్కడ రెఫూజియో సాల్దీవర్ గురించి చెప్పాలి. చెప్పకుండా సరిపెట్టుకోవడం మా ఊరి అలవాటు గాని, అతను లేకపోతే కథ నడవదు. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చారు, ఇతను మాత్రం మా జిల్లాలోనే పుట్టాడు. రైసిగ్ గారి భర్త ఉన్న రోజుల నుంచీ ఆ పొలంలో దుంప పని అతనిదే. పొలం గట్టున తారుకాగితం కప్పిన గుడిసెలో భార్యాపిల్లలతో ఉండేవాడు. పెద్దకొడుకు యూసేబియో మా సైన్యంలో చేరి ఇటలీలో పోరాడుతున్నాడు. సాల్దీవర్ కూడా ఆ కోతకు పనివాడే. కాకపోతే మా ఆచారంలో పనివాళ్ళంటే ఎవరో అందరికీ తెలుసు గనక ఎవరూ విడమరిచి చెప్పలేదు. అతని పళ్ళెం దుంపల బండి దగ్గరికే వెళ్ళేది. కేకు ముక్క మాత్రం అందరితో సమానంగా ఉండేది. కోయడంలో రైసిగ్ గారు పక్షపాతం చూపే మనిషి కాదు.

ఒకరోజు ఓట్మార్ అనే ఖైదీ, సాల్దీవర్ లోపలికెందుకు రాడని ఆవిడను అడిగాడు.

“అతనికి అక్కడే అలవాటు నాయనా,” అంది ఆవిడ.

“మా దేశంలోనూ కొంతమందికి ఇలాగే అలవాటు చేశామమ్మా,” అన్నాడు ఓట్మార్.

నేను బంగాళాదుంపల గిన్నె ఇటు జరపమన్నాను. మీరనుకుంటున్నది నిజమే, తనిఖీ నిమిత్తం నేను రోజూ ఆ బల్ల దగ్గరే భోంచేసేవాణ్ణి.

అక్టోబరులో పిడుగులాంటి వార్త వచ్చింది. శత్రువులకు కేకులు పెడుతున్నారని ఎవరో పైకి ఫిర్యాదు చేశారు. కర్నల్ ప్రెంటిస్ తనిఖీకి వస్తున్నారు. ఒక్క ఖైదీ ఇంట్లో కూర్చుని తింటూ కనబడినా శిబిరం ఎత్తేసి అందరినీ టెక్సస్ పత్తి చేలకు తోలేస్తారు. ఇంకో వారం పది రోజుల్లో నేల గడ్డకట్టబోతోంది. ఖైదీలు పోతే దుంపలు భూమిలోనే కుళ్ళిపోతాయి, రైసిగ్ గారి పొలం బ్యాంకువాళ్ళకు పోతుంది. సాల్దీవర్ ఏడాది కూలి కూడా దుంపలు చక్కెర ఫ్యాక్టరీకి చేరాకే చేతికొస్తుంది. అవి చేరకపోతే ఆ చలికాలం అతని పిల్లలు ఏం తింటారో ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం పెద్ద నష్టమేమీ లేదు, కొట్టుకు పోయి శవపేటికలు అమ్ముకోవాలి, అంతే.

కర్నల్ గారు వచ్చే రోజున పొద్దున్నుంచీ మంచుతో కలిసిన వాన పడింది. ఖైదీలు మోకాళ్ళదాకా బురదతో వచ్చారు. ఆ అవతారాలతో తన ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదని రైసిగ్ గారు వాళ్ళ బట్టలు విప్పించి నానేసింది. కొడుకుల గళ్ళచొక్కాలు ఇస్త్రీ చేసినవి తెచ్చి తొడిగించింది. ఓట్మార్ కోటు ఒకటే పొడిగా ఉంది. వీపున తెల్లరంగుతో ఖైదీ గుర్తు వేసిన ఆ కోటును, బయట తడుస్తున్నాడు పాపం అని, సాల్దీవర్‌కి కప్పి వచ్చాడు. ఖైదీలను బయటికి పంపించేయాలని హెచ్చరించడానికి నేను హుటాహుటిన వెళ్ళాను. అప్పుడే కేకు కోస్తున్నారు. విషయం పూర్తిగా పరిశీలించాలని కూర్చున్నాను.

ఇంతలో గుమ్మంలో కర్నల్ ప్రెంటిస్ గారు నిలబడ్డారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం శుభ్రమైన గళ్ళచొక్కాలనూ, ప్రార్థన కోసం వంచిన పసుపుపచ్చ జుట్టు తలలనూ చూసి టోపీ తీశారు.

“మీ అబ్బాయిలా అమ్మా?”

రైసిగ్ గారు జన్మలో అబద్ధమాడి ఎరగదు. “నా బల్ల దగ్గర అన్నం తినేవాళ్ళంతా నా బిడ్డలే బాబూ,” అంది.

కర్నల్ గారి కళ్ళు చెమర్చాయి. ఇంత ఏపుగా ఉన్న కుర్రాళ్ళు సైన్యంలో ఎందుకు చేరలేదని ఆయనకు తోచలేదు. చేరలేదని నేనూ అనలేను, చేరబట్టే కదా ఇక్కడికొచ్చారు. ఆ తర్వాత ఆయన ఖైదీ ఏడీ అన్నారు. నేను చెప్పకుండానే ఆయన కిటికీలోంచి చూసి కనిపెట్టేశారు. మంచువానలో, దుంపల బండి అంచున, మోకాళ్ళ మీద పళ్ళెం పెట్టుకుని తింటున్న నల్లటి మనిషి, వీపున ఖైదీ గుర్తు. ఆరుబయట తినేవాడు ఖైదీ అని నియమావళి చెబుతోంది, అతను ఆరుబయటే తింటున్నాడు. ఇంక అనుమానమేముంది?

బండి దగ్గరికి నడుస్తూ, “ఇటలీవాడా?” అన్నారు.

“ఇటలీతో సంబంధం ఉంది సార్,” అన్నాను. కొడుకు అక్కడే ఉన్నాడు గనక అది అబద్ధం కాదు.

కర్నల్ గారు ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, చేతులు తిప్పుతూ, ఇక్కడ నిన్ను ఎలా చూసుకుంటున్నారని అడిగారు. సాల్దీవర్ నా మొహంలోకి చూశాడు. వెనక కిటికీలో రైసిగ్ గారి మొహం పాలిపోయి ఉంది. పొలంలో ఇంకా సగం దుంప భూమిలోనే ఉంది. అతను అవన్నీ చూశాడు.

“ఫిర్యాదేమీ లేదు సార్. మొదట్నుంచీ నన్ను ఇలాగే చూస్తున్నారు.”

శత్రువుకు ఇంత చక్కటి ఇంగ్లీషు నేర్పినందుకు కర్నల్ గారు అక్కడికక్కడే నా చేయి పట్టుకుని ఊపారు. మన దేశపు న్యాయబుద్ధికి ఈ బండి, ఈ పళ్ళెం నిదర్శనాలన్నారు. ఈ వానలో ఖైదీకి జలుబు చేస్తే అంతర్జాతీయ ఒప్పందాలను ఉల్లంఘించినట్టవుతుందని చెప్పి, అతన్ని తన కారులోనే శిబిరానికి తీసుకుపోయారు. అసలు ఖైదీలు సాయంత్రం మామూలుగా లారీలో వచ్చారు. లెక్కకు ఒకడు ఎక్కువయ్యాడని గేటు సిపాయి చెప్పాడు. తగ్గితే చెప్పమన్నాను.

సాల్దీవర్‌కి ఒప్పందాల ప్రకారం వేడినీళ్ళ స్నానం జరిగింది. పందిమాంసం వేపుడూ, క్యాబేజీ, ఒక గ్లాసు బీరూ పెట్టారు. అతని దగ్గు విని డాక్టరు మందిచ్చాడు. ఏడాదిగా బాధపెడుతున్న పన్ను పళ్ళ డాక్టరు పీకేశాడు. రెండు దుప్పట్లిచ్చి పొయ్యి పక్కన మంచం చూపించారు. కర్నల్ గారు ఇదంతా కళ్ళారా చూసి, తృప్తిగా భోంచేసి వెళ్ళిపోయారు. శిబిరం నిలిచింది, దుంపలు నిలిచాయి, నా పేరు మెప్పుపత్రానికి పంపారు.

మర్నాడు నేనే అతన్ని జీపులో పొలానికి తీసుకెళ్ళాను. గట్టు దగ్గర ఆపాక అడిగాడు.

“కెప్టెన్ గారూ, ఈ శిబిరంలో చేరాలంటే ఏం చెయ్యాలండీ?”

అలా ఎవరు పడితే వాళ్ళు చేరడానికి వీల్లేదని చెప్పాను. ముందు శత్రుదేశపు సిపాయి అయి ఉండాలి, ఆయుధం పట్టి మన దేశం మీద పోరాడాలి, మనవాళ్ళను చంపడానికి ప్రయత్నించాలి, ఆ తర్వాత మన చేతికి చిక్కాలి. అప్పుడే ఈ సౌకర్యాలన్నీ వర్తిస్తాయి.

సాల్దీవర్ నాలుకతో పన్ను పోయిన చోటు తడుముకున్నాడు.

“అయితే మావాడే తప్పు వైపు చేరాడండీ,” అన్నాడు.

అతను నవ్వలేదు. నేను హోదాకు తగ్గట్టు సర్దుకుని, ఒక వీరుడి తండ్రి అనవలసిన మాట కాదనీ, యూసేబియో సేవలను ఈ దేశం మరచిపోదనీ చిన్న ఉపన్యాసమిచ్చాను. అతను మర్యాదగా చివరిదాకా విని, కత్తి తీసుకుని దుంపల్లోకి దిగాడు.

మధ్యాహ్నం ఆ మాట బల్ల దగ్గర చెప్పాను. రైసిగ్ గారు కేకు కోసే చాకు పట్టుకుని కిటికీలోంచి బండి వైపు చాలాసేపు చూసింది. ఓట్మార్ లేవబోయాడు.

“నువ్వు కూర్చో నాయనా, పరాయి దేశం నుంచి వచ్చినవాడివి,” అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. “చోటుంటే పిలవనా?”

ఆవిడ అన్నది అక్షరాలా నిజం, నేనే సాక్షిని. బల్ల చుట్టూ చూశాను, ఖాళీ కుర్చీ ఒక్కటీ లేదు. ఒకదానిలో నేనే ఉన్నాను, నా కేకు ఇంకా సగం మిగిలే ఉంది.