నాలుగో అంతస్తులో సన్నధార

ఆ ఆదివారం పొద్దున సురేంద్ర పెట్టుకున్న పని ఒక్కటే. పుప్పాలగూడలో కొత్తగా కొన్న ఫ్లాట్‌లో, షవర్ కింద తీరుబడిగా పది నిమిషాలు నిలబడటం. గృహప్రవేశమై వారమైనా ఆ ముచ్చట మీద తనివి తీరలేదు. మొదటి రెండు రోజులు బాగానే దూకిన నీళ్లు, ఆ తర్వాత ఏ మాయరోగం వచ్చిందో మొక్కుబడిగా కారుతున్నాయి. తలకు పట్టించిన షాంపూ కళ్లలోకి దిగింది గానీ, కాళ్లదాకా దిగలేదు.

సురేంద్ర సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. కాబట్టి ముందు తన ఇంట్లో చూసుకోవాలన్న ఆలోచన రానేలేదు. తువ్వాలు చుట్టుకుని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: “వాచ్‌మన్ ఎల్లేశం టెర్రస్ మీద మా లైను వాల్వు బంద్ చేస్తున్నాడు. చర్య తీసుకోవాలి.”

అప్పటిదాకా నీళ్ల ఊసే ఎత్తనివాళ్లు కూడా కొళాయిలు తిప్పి చూసుకున్నారు. చూసేకొద్దీ ధార సన్నగానే కనిపించింది. “మాకూ అంతే” అన్నారు రెండో అంతస్తువాళ్లు. “మాకు మొదట్నుంచీ అంతే” అన్నారు మొదటి అంతస్తువాళ్లు, వెనకబడటం ఇష్టంలేక. అరగంటలో నలభై ఇళ్ల నుంచి నలభై ఫిర్యాదులు. ఎల్లేశం హడలిపోయి, టెర్రస్ మీది వాల్వులన్నీ బార్లా తెరిచాడు. ఎంత పెరిగిందో చూద్దామని ఇంటింటా ఉన్న కొళాయిలన్నీ వదిలారు. ఎనిమిదిన్నరకల్లా ట్యాంకు అడుగంటింది.

అసోసియేషన్ అధ్యక్షుడు వెంకట్ చెవుల్లో సబ్బు నురగతోనే పార్కింగులోకి దిగి, అక్కడికక్కడే మీటింగు పెట్టాడు.

“ఇవాళే సామాను సర్దుకో ఎల్లేశం.”

ఎల్లేశం చేతులు జోడించాడు. సెల్లార్‌ గదిలో కాపురం, పక్క బడిలో కూతురి చదువు, అన్నీ ఆ కొలువు మీదే.

“సార్, నేను ఏ వాల్వూ బంద్ చెయ్యలే. జర ఒక్కపారి సురేంద్ర సార్ ఇంట్ల చూద్దం పాండ్రి. తప్పు నాదైతే నేనే పోత.”

జనమంతా నాలుగో అంతస్తు ఎక్కారు. వంటింటి వెనక బాల్కనీలో, ఆ ఇంటికి నీళ్లొచ్చే పైపు వాల్వు ముప్పాతిక వంతు మూసి ఉంది.

“గిది ఎవరు తిప్పిన్రు?” అన్నాడు ఎల్లేశం.

“నేనే నాయనా” అంది సురేంద్ర తల్లి అనసూయమ్మ. గృహప్రవేశానికని కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇంకా ఇక్కడే ఉంది. “మా ఊర్లో నాలుగు దినాలకొకసారి వస్తాయి నీళ్లు. ఈడ వీడు గంటసేపు నెత్తిన దుమికిచ్చుకుంటాంటే చూడలేక తిప్పినా. చెప్తే అరుస్తాడని చెప్పలా.”

సురేంద్రకి తల కొట్టేసినట్టయింది. నలుగురి ముందూ ఎల్లేశం చేతులు పట్టుకున్నాడు. “తప్పు నాదే అన్నా. చూసుకోకుండా నీ మీద వేసేసినా.”

“ఫికర్ చెయ్యకుండ్రి సార్” అన్నాడు ఎల్లేశం.

వెంకట్ ఎండిపోయిన నురగను చెవిలోంచి గీక్కుంటూ అనసూయమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, మా ఇళ్లల్లో కూడా ఇలాగే కాస్త తిప్పి పెడతారా అండీ?”

ఎల్లేశాన్ని వెంటబెట్టుకుని మధ్యాహ్నానికల్లా ఆవిడ నలభై ఇళ్లూ చుట్టేసింది. గ్రూపులో మళ్లీ ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఇప్పుడు నీళ్లు అందరికీ సన్నగానే వస్తున్నాయి మరి.